పెట్టె మారినా బొమ్మ అదే

విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారుల ఆఫీసుల నుంచి సినిమా పెట్టె చేరితే గానీ గుడివాడలోనో బందరులోనో బొమ్మ పడేది కాదు. దారిలో పెట్టె సొట్టపడితే రీళ్లు తీసి ఇంకో పెట్టెలో సర్దితే సరి. సినిమాకు మళ్లీ ప్రింటు వేయించనక్కర్లేదు. వీడియో ఫైళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇదే కృష్ణా డెల్టాలో పెట్టె మార్చాల్సి వచ్చినప్పుడల్లా ప్రింటు వేయిస్తూ వచ్చాం.

ఫైలు పేరు చివర కనిపించే ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అన్నీ పెట్టెలే. లోపల కుదించిన బొమ్మ, ధ్వని, ఏ క్షణానికి ఏది చూపాలో చెప్పే పట్టిక ఉంటాయి. ఈ పెట్టె కట్టే పద్ధతి నేర్పింది సినిమావాళ్లు కాదు, కంప్యూటర్ ఆటలు అమ్ముకునే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. 1985లో ఆ సంస్థ తెచ్చిన ఐఎఫ్ఎఫ్‌లో ప్రతి ముక్కకూ నాలుగక్షరాల పేరు, పక్కనే దాని పొడవు. తెలియని ముక్క ఎదురైతే అంత మేర దాటుకుని ముందుకు పోవచ్చు. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం దాన్నే రిఫ్‌గా మలిచాయి. ఆ మరుసటి ఏడు ఏవీఐ పుట్టింది. ఆపిల్ 1991లో తెచ్చిన క్విక్‌టైమ్ ఫైలు అమరికను 1998లో ఐఎస్ఓ ఎంపెగ్-4కు పునాదిగా తీసుకుంది. మన ఫోన్లు తీసే ఎంపీ4 ఆ వంశమే.

డెల్టాలో ఈ కథంతా పెళ్లి వీడియోల మీదుగా నడిచింది. వీహెచ్ఎస్ క్యాసెట్‌ను సీడీకి ఎక్కించాలంటే కుదించక తప్పదు, అది ఒప్పుకోవాల్సిందే. 1993 నాటి వీసీడీలో బొమ్మకు దక్కేది సెకనుకు 1150 కిలోబిట్లు, ఒక్కో సీడీకి 74 నిమిషాలు. సీడీ తెరిస్తే ఎంపెగ్ఏవీ ఫోల్డర్లో ఏవీసెక్01.డాట్ కనిపించేది. దాన్ని కాపీ చేస్తే విండోస్ పైన ఒక రిఫ్ తొడుగు తగిలించేది. 2352 బైట్ల సెక్టారులో అసలు సరుకు 2324 బైట్లు. తొడుగు ఒలిస్తే లోపల ఎంపెగ్-1 చెక్కుచెదరకుండా ఉండేది. దాన్ని డీవీడీ చేయడానికి కూడా బొమ్మ జోలికి పోనక్కర్లేదు. డీవీడీ నిబంధనలు ఎంపెగ్-1ను ఒప్పుకుంటాయి, ధ్వనిని 44.1 నుంచి 48 కిలోహెర్ట్జ్‌కు మారిస్తే చాలు. కానీ ఎవరికి పట్టింది? డాట్ నుంచి డీవీడీ, డీవీడీ నుంచి ఏవీఐ, ప్రతి మెట్టులోనూ కుదింపు మీద కుదింపు. పట్టుచీర జరీ గళ్లుగళ్లుగా విడిపోయింది, తలంబ్రాలు తెల్లటి మసకయ్యాయి. చిన్న ఫోన్ల కోసం చేసిన 3జీపీని మాత్రం తప్పుపట్టను. ఆ ఫోన్లకు పెద్ద బొమ్మ నడిపే సత్తా లేదు.

నిజానికి ఉపాయం అప్పటికే చేతిలో ఉంది. ఏవరీ లీ రాసిన వర్చువల్‌డబ్‌లో ‘డైరెక్ట్ స్ట్రీమ్ కాపీ’ అనే మీట ఉండేది. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రీస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ‘కాపీ’ అని చెబితే ముక్కలు విప్పి, కొత్త పట్టిక రాసి, వేరే పెట్టెలో పెడుతుంది. 2002లో మొదలైన మట్రోస్కా, అంటే ఎంకేవీ, దాదాపు దేన్నైనా ఇముడ్చుకుంటుంది. 2006లో సోనీ, పానసోనిక్ ఏవీసీహెచ్‌డీ తెచ్చాక పెళ్లి కెమెరాల్లోంచి ఎంటీఎస్ ఫైళ్లు రావడం మొదలైంది. లోపలున్నది హెచ్.264 కుదింపు, ఎంపీ4లోనూ అది ఇముడుతుంది. గంట నిడివి ఫైలు కూడా డిస్కు రాయగలిగినంత వేగంగా అందులోకి మారిపోతుంది, ఒక్క చుక్క రంగు తగ్గదు.

అన్ని పెట్టెలూ అన్నీ పట్టవు. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌ఎంలోకి హెచ్.264 దూరదు. ఎంటీఎస్‌లోని డాల్బీ ధ్వనిని ఎంపీ4 మోస్తుంది గానీ కొన్ని ఫోన్లలో మాట వినపడదు. అప్పుడు ధ్వనిని ఒక్కదాన్నే మార్చుకోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లల కోసం పెళ్లి లైవ్ పెట్టడం మొదలయ్యాక ఇంకో చిక్కొచ్చింది. మామూలు ఎంపీ4 తన పట్టికను రికార్డింగు ముగిశాకే రాస్తుంది. మాంగల్యధారణ వేళ కరెంటు పోతే ఫైలు ఉంటుంది, తెరుచుకోదు. అందుకే ఓబీఎస్ అనే లైవ్, రికార్డింగు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎంకేవీలో రికార్డు చేసి, తర్వాత దాని మెనూలోనే ఎంపీ4గా మార్చుకునేవాళ్లు. 2024లో వచ్చిన ఓబీఎస్ 30.2 ముక్కలుముక్కలుగా రాసుకుంటూ పోయి, చివర్లో మామూలు ఎంపీ4గా సర్దే హైబ్రిడ్ పద్ధతి తెచ్చింది.