సీసంలా మీద పడే గాలి

పారిస్‌లో మరుగుదొడ్ల గుంటలు ఎత్తిపోసే పనివాళ్ళకు రసాయన శాస్త్రం తెలియదు. గుంటలో తమ ప్రాణం తీసేదేమిటో మాత్రం తెలుసు. 18వ శతాబ్దంలో ఆ గాలికి వాళ్ళ నోట రెండు పేర్లుండేవి. కళ్ళు మండించి నీళ్ళు కార్పించేది ‘మిత్’. రెండోది ‘ప్లోం’. ఆ ఫ్రెంచి మాటకు అర్థం సీసం. గుండెల మీద సీసపు దిమ్మె పడ్డట్టు మనిషి ఉన్నపళాన కూలిపోతాడు కనుక ఆ పేరు.

1782లో జానిన్ అనే ఆయన, గుంటలో వెనిగర్ పోస్తే విషం విరిగిపోతుందని చాటాడు. నిజానిజాలు తేల్చడానికి పారిస్ విద్వాంసులు ఒక గుంట దగ్గర చేరారు. పని సాగుతుండగానే ఒక కార్మికుడు స్పృహ తప్పి లోపల పడిపోయాడు. వెనిగర్ మహిమ అక్కడితో సరి. ఆ పరీక్ష చూసిన వైద్యుడు హాలే 1785లో ఈ గుంటల విషం మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. మిత్, ప్లోం అన్న కూలివాళ్ళ మాటలు అలా వైద్యగ్రంథంలోకి ఎక్కాయి.

ఇప్పటి లెక్కలో మిత్ అంటే ప్రధానంగా అమోనియా. ప్లోం అంటే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వాయువు. 1500 వంతుల గాలిలో ఇది ఒక్క వంతు కలిసినా పిట్ట చచ్చిపోతుందని 19వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చూపించారు. గాలి తగలని మురుగులో బాక్టీరియా దీన్ని పుట్టిస్తుంది. అడుగున పేరుకున్న బురదలో అది అణగి ఉంటుంది. పార పడగానే బుస్సున లేస్తుంది. కొంచెమే ఉన్నప్పుడు ముక్కు ఇట్టే పసిగడుతుంది. పది లక్షల వంతుల్లో 100 వంతులకు చేరేసరికి ఆ ముక్కే మొద్దుబారుతుంది. కంపు పోయిందని ఊపిరి పీల్చుకున్నవాడికి అదే ఆఖరి ఊపిరి కావచ్చు.

ఇంగ్లండులో ఈ గాలికి ‘సీవర్ గ్యాస్’ అన్న పేరు స్థిరపడింది. నిజానికి అది ఒక్క వాయువు కాదు. మీథేన్, కార్బన్ డయాక్సైడ్, అమోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన గాలి. పేరు ఒక్కటయ్యేసరికి నేరాలన్నీ దాని నెత్తినే పడ్డాయి. 1871లో విక్టోరియా రాణి పెద్దకొడుకు ఎడ్వర్డ్‌కు టైఫాయిడ్ వచ్చింది. అంతకుముందు ఆయన బస చేసిన భవనంలోని మురుగు గాలే కారణమన్న మాట దేశమంతా పాకింది. జబ్బు నీటితో వస్తుందని విలియం బడ్ అనే వైద్యుడు అప్పటికే ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాడు. కంపులోనే రోగముందన్న పాత నమ్మకం ఆ మాటను చెవికెక్కనివ్వలేదు. ‘మలేరియా’ అన్న పేరే ఇటలీ భాషలో చెడు గాలి. ఆ పేరు వెనకున్న నమ్మకానికి చివరిదెబ్బ పడింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ అనే వైద్యుడికి సూక్ష్మదర్శిని కింద మలేరియా క్రిమి కనిపించిన దోమ పొట్టలో.

అయినా మురుగు గాలి భయం వల్ల ఇళ్ళకు మేలే జరిగింది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ పేటెంటు పొందిన వంపు గొట్టం వాడుకలో పాతుకుపోయింది. మన వంటింటి సింకు కింద మెలిక తిరిగిన పైపు ఆ వంశానిదే. అందులో నిలిచిన గుక్కెడు నీళ్ళు మురుగు గాలిని ఇంట్లోకి రానివ్వవు. చాన్నాళ్ళు తాళం వేసిన ఇంట్లో కంపు కొడితే ఆ నీళ్ళు ఎండిపోయాయేమో చూడాలి. చెంబెడు నీళ్ళు పోస్తే చాలు.

ఇంట్లోవాళ్ళకు గుక్కెడు నీళ్ళు కాపలా ఉన్నాయి. మ్యాన్‌హోల్లోకి దిగేవాడికి ఏముంది? పాడుబడ్డ బావిలోకి దిగేముందు లాంతరు దించి చూడటం మన పల్లెల్లో పాత అలవాటు. దీపం ఆరిపోతే లోపల ప్రాణవాయువు చాలదని అర్థం. మనిషిని చంపేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకు నిప్పు. ఈ గాలిని కనిపెట్టాలంటే గ్యాస్ కొలిచే మీటరు కావాలి. దిగక తప్పకపోతే బయటి గాలి అందించే మాస్కు, నడుముకు తాడు, పైన మనిషి ఉండాలి. అసలు మనిషి దిగాల్సిన పని లేకుండా యంత్రం ఉండాలి.

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించడాన్ని మన దేశంలో 2013 నాటి చట్టం నిషేధించింది. 1993 నుంచి ఇలా చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటే మరణాలు ఆగలేదనే కదా.

మన పత్రికల్లో ఆ వార్తకు ఎప్పుడూ ఒకటే శీర్షిక: ‘ఊపిరాడక మృతి’. కింద మరో వాక్యం: ఒకరిని కాపాడబోయి ఇంకొకరు. ‘ఊపిరాడక’ అన్నప్పుడు నేరం గాలి మీదికి పోతుంది. పారిస్ కూలీల మాట వేరు. సీసం మీద పడిందంటే, దాని కింద ఈ మనిషిని నిలబెట్టిందెవరన్న ప్రశ్న వెంటనే లేస్తుంది.