విద్యుద్ఘటమునకు తగిన కొలమానము

గిద్దలూరు ప్రాంతము వారికి కంభం చెరువు పొరుగుననే కలదు. విజయనగర రాజుల కాలమున, రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్టవేసి నిర్మించిన తటాకమది. అందు నీరెంత కలదో తెలియుటకు మట్టము చూచిన చాలదు; చెరువు అడుగు తీరు గూడ తెలియవలెను. 1369 నాటి శాసనము గల పోరుమామిళ్ల చెరువు లెక్కతో కంభం నీటిని కొలిచిన, ఆయకట్టు రైతు మోసపోవును. విద్యుద్ఘటముల చరిత్రయు ఇట్టిదే.

ఇటలీ దేశీయుడు వోల్టా 1800లో తొలి బ్యాటరీని లోకమునకు ప్రకటించెను. 1859లో ఫ్రెంచివాడగు ప్లాంటే, మరల మరల నింపుకొనదగిన సీసపు ఘటమును నిర్మించెను. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రము వెలసిన నాడు, కరెంటు చేరని పల్లెలలో ఆ వాణి బ్యాటరీల బలముతోనే వినవచ్చెను. సీసపు ఘటమున శక్తి ఖర్చగుకొలది గంధకామ్లము పలుచనగును. హైడ్రోమీటరు ముంచి చూచిన, సాంద్రత 1.28 వద్ద నున్నచో ఘటము నిండుగా నున్నదనియు, 1.15కు దిగినచో మరల నింపవలసినదే యనియు తెలిసెడిది.

1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ లిథియం-అయాన్ ఘటమును విపణిలోనికి తెచ్చెను. ఇందలి ద్రావణము అయానులకు దారి మాత్రమే. సీసపు ఘటమున ఆమ్లము వలె ఖర్చగునది కాదు. కావున హైడ్రోమీటరునకు ఇచట పని లేదు. ఆ పని ఫ్యూయల్ గేజ్ అను చిన్న చిప్పు చేయును. వచ్చిపోవు విద్యుత్తును అది జమాఖర్చు వలె లెక్కించును. ఆ లెక్కలో పేరుకొను తప్పులను, ఘటపు వోల్టేజిని ఒక పట్టికతో పోల్చి దిద్దుకొనును.

ఆ పట్టిక ఘటపు రసాయనమునకు తగినదై యుండవలెను. కోబాల్టు ఘటము సాధారణముగా 4.2 వోల్టుల వద్ద నిండి, వాడుకొలది క్రమముగా దిగును. 1997లో పాధి, గుడినఫ్ ప్రభృతులు వెల్లడించిన ఐరన్ ఫాస్ఫేటు ఘటమును 3.65 వోల్టుల వరకు నింపుదురు. పిదప అది చాలకాలము 3.3 సమీపముననే నిలుచును. కోబాల్టు పట్టికతో దీనిని కొలిచిన, నిండుఘటము ఖాళీగా కనబడును. తలక్రిందుగా చేసిన, 3.6 వోల్టులకు దిగి అడుగంటుచున్న కోబాల్టు ఘటము నిండుగా కనబడి, నడిరాత్రి పొలమున రైతు చేతి దీపము చెప్పకుండ ఆరిపోవును. ఐరన్ ఫాస్ఫేటు ఘటమును 4.2 వరకు నింపుట ఘటమునకే చేటు.

కావున పరికరమును కూర్చువారు ముందుగా ఘటముపై ముద్రించిన వోల్టేజిని చూడవలెను: 3.2 అని యున్న అది ప్రాయికముగా ఐరన్ ఫాస్ఫేటు, 3.6 లేక 3.7 అని యున్న కోబాల్టు కుటుంబము. తయారుచేసినవారి పత్రముతో సరిచూచి రసాయనమును, నిండు వోల్టేజిని, ఘటపు సామర్థ్యమును చిప్పునకు తెలుపవలెను. పిదప ఒకమారు పూర్తిగా నింపి, అనుమతించినంతవరకు వాడి, మరల నింపిన, చిప్పు తన లెక్కను సరిచేసికొనును.

చెరువు నెరిగినవానికే మట్టము నిజము చెప్పును.