నీలికన్ను జబ్బు: మన గూడెం కుక్కల చరిత్ర ఎవరు రాయాలి?

ఈసారి మనుషుల చరిత్ర కాదు, మన కుక్కల చరిత్ర.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో రెండు కుక్కపిల్లలు ఉండేవి. ఒకదానికి జ్వరం వచ్చి, తిండి మానేసి, వాంతులు చేసుకుని మూడో రోజుకే చచ్చిపోయింది. రెండోది బతికింది గానీ, ఒక కన్నుకు నీలంగా పొర కమ్మింది. "దిష్టి తగిలింది" అన్నది మా అవ్వ. పరీక్ష ఎవరూ చేయలేదు, కాబట్టి అది ఏ జబ్బో ఈరోజుకీ చెప్పలేను. కానీ అచ్చం అలాంటి లక్షణాలున్న జబ్బు ఒకటుందని నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది.

1925లో అమెరికాలో బొచ్చు కోసం పెంచే నక్కల్లో గ్రీన్ అనే శాస్త్రవేత్త ఒక జబ్బును గుర్తించినాడు. 1947లో స్వీడన్‌లో రూబార్త్ కుక్కల కాలేయాన్ని దెబ్బతీసే అంటువ్యాధి గురించి వివరంగా రాసినాడు. రెండింటికీ కారణం ఒకే వైరస్ అని తర్వాత తేలింది. దాని పేరు కెనైన్ అడినోవైరస్-1. ఏడాది లోపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ. కోలుకున్న కుక్క మూత్రంలో కూడా ఆరు నెలలకు పైగా వైరస్ పోతుంటుంది. కొన్నింటికి కోలుకునేటప్పుడు కన్ను నీలంగా మారుతుంది. మొదట్లో వచ్చిన టీకాల వల్ల కూడా కొన్ని కుక్కలకు అలా అయ్యేది. అందుకే ఇప్పుడు అడినోవైరస్-2తో చేసిన టీకా వాడుతున్నారు. ఈ జబ్బు మనుషులకు రాదు, మన పచ్చకామెర్లు వేరు.

నక్కలకు, తోడేళ్లకు, ఎలుగుబంట్లకు కూడా ఇది సోకుతుంది. మన కుక్కలు మన వెంట నల్లమల లోపలికి వస్తాయి. రేపు అడవిలో జంతువులు చనిపోతే మొదటి వేలు చూపించేది గూడెం కుక్కల మీదికే, ఆ తర్వాత మన మీదికే.

చెంచుల మీద హైమండార్ఫ్ పుస్తకం 1943లో వచ్చింది. ఆళ్ళగడ్డ పల్లెల్లో పారువేట తిరిగేటప్పుడు చెంచులక్ష్మి కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. మన కుక్క ఏ జబ్బుతో పోయిందో మాత్రం ఏ రికార్డులోనూ లేదు. స్వీడన్ కుక్కకు దొరికిన ఒక్క పేజీ మన కుక్కకు దొరకలేదు.

జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేసేది రేబిస్ టీకా. అది ఈ జబ్బును ఆపదు. దీనికి వేరే టీకా ఉంది, పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టాలి. అది గూడేలకు కూడా రావాలని మనం అర్జీ పెట్టాలి. దానికి ఆధారం కావాలి కదా? మీ గూడెంలో, తండాలో కుక్కలు ఎప్పుడు, ఎలా పోయినాయో పెద్దలను అడిగి కింద రాయండి. మన చరిత్ర మనమే రాసుకుందాం.