మేం లేని పుస్తకాలు

దాదా పోయాక మా ఇంట్లో మిగిలిన ఆస్తి ఒక రేకు సందూకు. అందులో అట్టలూడిన ఉర్దూ పుస్తకం ఒకటి. దాదా బీదరు సరిహద్దు పల్లెలో పుట్టి, నిజాం కాలంలో తహసీలు కచేరీ చప్రాసీగా చేశాడు. ఇంట్లో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. నేను చదివింది తెలుగు మీడియం. ఉర్దూ మాట్లాడతాను, చదవలేను. దాదా చదివిన పుస్తకం నాకు కుడినుంచి ఎడమకు నడిచే గీతలు మాత్రమే.

మౌల్వీ సాబుకు చూపిస్తే "బేటా, ఇది తజ్కిరా" అన్నాడు.

తజ్కిరా అంటే తలుచుకోవడం. కవులు, సూఫీలు, ఆలిములు - ఒక్కొక్కరి గురించి నాలుగు మాటలు. ఏ ఊరివాడు, ఎవరి శిష్యుడు, ఎప్పుడు పోయాడు, ఏం రాశాడు. ముందు ఫారసీలో, తర్వాత ఉర్దూలో తరతరాలుగా నడిచిన పద్ధతి.

ఇలాంటి పాత పుస్తకాల్ని కాపాడటానికి హైదరాబాదులో సంస్థలే లేచాయి. 1888లో వచ్చిన దాయిరతుల్ మారిఫ్ పాత అరబీ రాతప్రతుల్ని అచ్చేసింది. 1891లో ఆసఫియా లైబ్రరీ వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీకి ఉర్దూలో పాఠ్యపుస్తకాలు కావాలని 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. 1931లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఇదారా-ఎ-అదబియాతె-ఉర్దూ స్థాపించాడు. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కవిత్వాన్ని సరిచూసి 1940లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. ఆ శ్రమ లేకపోతే దక్కనీ కవిత్వంలో ఎంత చెదలు తినేదో! అందుకు సలాం చేస్తాను.

కానీ ఒకటి అడగాలి. ఆ పుస్తకాల్లో ఉన్నదెవరు? సుల్తాన్లు, దివాన్లు, దర్బారు కవులు. ఆడవాళ్లలో మాహ్ లఖా బాయి చందా కనిపిస్తుంది. 1768లో పుట్టి 1824లో పోయిన గొప్ప గజల్ కవయిత్రి. ఆమెకూ దర్బారే దారి ఇచ్చింది. తెలుగు వైపు చూసినా అంతే. మొదటి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చింది అమీన్ ఖానుకు. గర్వపడాల్సిందే. అయితే అమీన్ ఖాను గుర్రానికి గడ్డి వేసిన సాయిబు పేరేమిటి?

బడిలో చరిత్ర పాఠం వచ్చినప్పుడల్లా పక్కవాళ్లు నా వైపు తిరిగేవాళ్లు. "ఒరే, మీరు రాజ్యాలేలినోళ్లు గదరా" అనేవాళ్లు. చప్రాసీ మనవణ్ణి, నేనేం రాజ్యం ఏలాను? నవాబుల చరిత్రను మా అందరి చరిత్ర అనుకున్నందుకు, వాళ్లు చేసిన పాపాలకు మేం జవాబుదార్లమయ్యాం. వాళ్ల భోగంలో మాత్రం మాకు వాటా రాలేదు.

1949లో సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వచ్చింది. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు - ఇవన్నీ చరిత్రేనని అది తెలుగువాళ్లకు చూపించింది. మాకూ అలాంటి పుస్తకం ఒకటి కావాలి. దూదేకులవాళ్లది, కసాయిలది, ఫకీర్లది, జట్కా తోలినవాళ్లది, బీడీలు చుట్టిన అమ్మీలది.

మౌల్వీ సాబు చివరి ఖాళీ పేజీ తిప్పి ఆగిపోయాడు. దాదా పెన్సిలుతో రాసుకున్నాడు. ఇంట్లో పుట్టుకలు, నిఖాలు, చావులు. 1948 దగ్గర ఒకే తారీఖు కింద నాలుగు పేర్లు. ప్రతి పేరు పక్కనా 'మర్హూం'. ఇంకేం రాయలేదు.

ఆ ఏడాది పోలీసు చర్య తర్వాత పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం జిల్లాలు తిరిగింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని సర్కారుకు రాసిచ్చింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు మూతపడి ఉంది. 2013లోగాని జనం చదవడానికి దొరకలేదు. అన్నేళ్లూ మా దాదా పెన్సిలు రాత సందూకులో ఉంది. సర్కారు పెట్టెకు తాళం ఉంది, మా సందూకుకు లేదు. అయినా మేం తెరవలేదు.

దాదాను కూడా అడగాల్సింది ఉంది. ఆ పేజీలో మగపిల్లలందరికీ పేర్లున్నాయి. ఆడపిల్ల పుడితే 'దుఖ్తర్' అని ఒక్క మాట - కూతురు. మా దాదీ చావు కూడా 'ఘర్‌వాలీ' అనే ఉంది. దర్బారు తజ్కిరా దాదాను వదిలేసింది. దాదా తజ్కిరా దాదీని వదిలేసింది.

మౌల్వీ సాబు చదువుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. ఇంటికెళ్లి ఫుప్ఫూని అడిగి దాదీ పేరు, ఇద్దరు 'దుఖ్తర్'ల పేర్లు చేర్చాను. ఫుప్ఫూకి ఎనభై దాటాయి. అడిగేవాడు రావడం ఇదే మొదటిసారి అంది.

మీ ఇళ్లలోనూ సందూకులున్నాయి, ఫుప్ఫూలున్నారు. ఇప్పుడే అడగండి. తెలుగులోనైనా సరే, రాయండి.