పనిచోట మనసు, పెద్దరికము, నేర్పు – సింగానల్లూరు మిల్లులు చెప్పే సంగతులు

కోయంబత్తూరు నగరానికి తూర్పు దిక్కున, తిరుచ్చి రోడ్డు మీద, నొయ్యల్ నదికి దాపున సింగానల్లూరు ఉన్నది. ఒకప్పుడు ఇది ప్రత్యేక పురపాలక సంఘము. 1981లో కోయంబత్తూరు నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు అందులో కలిసిపోయినది. మదురై, తిరుచ్చి వైపు పోయే బస్సులు బయలుదేరే చోటుగా ఈ పేరు మన సరిహద్దు గ్రామాలలో చాలామందికి పరిచయమే. నాయకరాజుల కాలము నుండి ఈ ప్రాంతములో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ కలవు. ఇంట తెలుగు, వీధిలో తమిళము వీరి వాడుక. తెలుగు మాట్లాడుతూనే తెలుగు చదవలేనివారు వీరిలో అనేకులు.

మన ఊళ్ళ నుండి ఏటేటా ఎందరో యువతీ యువకులు ఈ ప్రాంతపు నూలు మిల్లులకు, పంపుల కర్మాగారాలకు, ఫౌండ్రీలకు పనికై వెళ్తున్నారు. వెళ్ళే ముందు జీతమెంత, బస ఎక్కడ అని విచారిస్తాము. పనిచోట మనసు ఎట్లా ఉంటుంది, పై అధికారి మాట మనిషిని ఎట్లా మారుస్తుంది అన్నది విచారించము. దీనిని పరిశీలించే శాస్త్రమే పనిచోటి మనస్తత్వ శాస్త్రము. ఈ శాస్త్రములోని ముఖ్యమైన పరిశోధనలు కొన్ని నూలు మిల్లులలోనే జరిగినవి. ఒకటి మన కాకినాడ వ్యాపారుల మీదనే జరిగినది.

మేస్త్రీ పెత్తనము

కోయంబత్తూరులో తొలి నూలు మిల్లు 1888లో స్టేన్స్ అనే ఆంగ్లేయుని పూనికతో వెలసినది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లును స్థాపించినారు. 1930ల ఆరంభములో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు అందిన తరువాత మిల్లుల సంఖ్య త్వరత్వరగా పెరిగినది. యజమానులలో పలువురు తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలవారు. పత్తి పండించినవారే పత్తి వడికించసాగినారు. సింగానల్లూరు పక్కనే ఒండిపుదూరులో ఉన్న కంబోడియా మిల్లు పేరు కూడా ఈ నేలలో బాగా పండిన కంబోడియా రకపు పత్తిని గుర్తుకు తెస్తుంది.

ఆనాటి మిల్లులో కూలివానికి యజమాని కనిపించేవాడు కాడు, కనిపించేది మేస్త్రీ. పనిలో పెట్టేవాడు, తీసివేసేవాడు, సెలవు ఇచ్చేవాడు, పని నేర్పేవాడు, అప్పు ఇచ్చేవాడు కూడా అతడే. భారతదేశములో కార్మికుల స్థితిపై నియమింపబడిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో దేశమంతటా మిల్లులలో సాగుతున్న ఈ పద్ధతిని తీవ్రముగా విమర్శించినది. పని ఇప్పించినందుకు మామూళ్ళు పుచ్చుకొనుట మామూలైపోయినదని, పనివారిని తీసుకొను అధికారము వీరి చేతినుండి తప్పించి కార్మిక అధికారులకు అప్పగించవలెనని సూచించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 500 మంది లేక అంతకు మించి పనిచేయు కర్మాగారాలలో సంక్షేమ అధికారి ఉండవలెనని విధించినది.

చట్టము వచ్చినంత మాత్రాన మేస్త్రీ మాయము కాలేదు. దీనికి కారణము ఆలోచించదగినది. మేస్త్రీ బలము రెండు విధాలు. ఒకటి తీసివేయగల అధికారము. అది భయము మీద నిలిచినది. రెండవది ఎరుక. ఎవరి ఊరు ఏది, ఎవరి ఇంట జబ్బు ఉన్నది, ఎవరికి ఏ యంత్రము చేతికి వచ్చును అన్నది అతనికి తెలియును. చట్టము మొదటి బలాన్ని తగ్గించగలిగినది. రెండవ బలాన్ని కార్మిక అధికారి తన కుర్చీలో కూర్చుని సంపాదించలేకపోయినాడు. నాయకత్వమంటే ఏమిటని అడిగేవారికి నా మట్టుకు నేను ఈ ఉదాహరణే చెప్తాను. మేస్త్రీలోని లంచగొండిని వదిలి, పనివానిని ఎరిగినవానిని మాత్రము ఉంచుకోగలిగిన మిల్లు బాగుపడును.

పడుకునేందుకు పది నిమిషాలు

1923లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో ఒక నూలు మిల్లుకు ఎల్టన్ మేయో అనే పండితుని పిలిపించినారు. ఆ మిల్లులో ఇతర విభాగాలలో పనివారు నిలకడగా ఉండేవారు. వడికే విభాగములో మాత్రము ఏడాదికి నూరు మంది కావలసిన చోట సుమారు 250 మందిని కొత్తగా తీసుకోవలసి వచ్చేది. బహుమతి పథకాలు ఎన్ని పెట్టినా ఫలితము లేదు. పనివారు రోజంతా యంత్రాల నడుమ నడుస్తూ తెగిన పోగులను అతుకుతూ ఉండేవారు. కాళ్ళు నొచ్చేవి, పక్కవానితో మాట్లాడే వీలు లేదు, మనసంతా దిగులు ఆవరించేది.

మేయో చెప్పిన మందు సులభమైనది. ఉదయము రెండు సార్లు, మధ్యాహ్నము రెండు సార్లు పదేసి నిమిషాల విశ్రాంతి. ఆ సమయములో పడుకోవచ్చును. పనివారి ముఖాలు తేటపడినవి, ఉత్పత్తి పెరిగినది. ఇంతలో సరుకుకు గిరాకీ వచ్చినది. సూపర్‌వైజరు విశ్రాంతిని రద్దు చేసినాడు. కొద్ది రోజులలోనే ఉత్పత్తి పడిపోయి గైరుహాజరు పెరిగినది. అప్పుడు మిల్లు అధ్యక్షుడు స్వయముగా కలుగజేసుకొని, విశ్రాంతి వేళలో వడికే యంత్రాలనే ఆపించినాడు. పనివారితోపాటు సూపర్‌వైజరు కూడా పడుకోవలసినదే. ఉత్పత్తి తిరిగి పుంజుకున్నది.

ఈ ఫలితము పది నిమిషాల విశ్రాంతి వలన వచ్చినదా, లేక తమ బాధను పైవారు విన్నారన్న తృప్తి వలన వచ్చినదా అనే ప్రశ్న మేయోను చాలాకాలము వెంటాడినది. తరువాత చికాగో సమీపములోని హాథార్న్ కర్మాగారములో 1924 నుండి 1932 వరకు సాగిన ప్రసిద్ధ పరిశోధనలలో కూడా ఇదే ప్రశ్న.

ఇక్కడ వడికే పని గురించి ఒక్క మాట. నేటి రింగు ఫ్రేముల వద్ద పనిచేయు బాలిక పోగు తెగిన చోటికల్లా పరుగెత్తితే షిఫ్టు ముగిసేసరికి కాళ్ళు ఉండవు, తెగిన పోగులు మిగిలే ఉంటాయి. శిక్షణ పొందినవారు అట్లా పరుగెత్తరు. ఒక నిర్ణీత వరుసలో ఫ్రేముల చుట్టూ నడుస్తూ, దారిలో వచ్చిన తెగుళ్ళను అతుకుతూ పోతారు. ఒకటి వెనుక తెగినా తిరిగి వచ్చేటప్పుడు చూసుకుంటారు. వ్యక్తిగత నైపుణ్యము గురించి పుస్తకాలు రాసేవారు వందల పుటలలో చెప్పేది ఈ నడకలోనే ఉన్నది. 1956లో కోయంబత్తూరులో నెలకొన్న దక్షిణ భారత జౌళి పరిశోధన సంస్థ, అనగా సిట్రా, పనిభారము లెక్కించుటలోను పనివారికి శిక్షణ ఇచ్చుటలోను మిల్లులకు చిరకాలముగా తోడ్పడుతున్నది.

మన దేశములో ఈ శాస్త్రానికి తొలి నెలవు అహమదాబాదు. 1947లో విక్రమ్ సారాభాయి ప్రభృతులు స్థాపించిన జౌళి పరిశోధన సంస్థలో మనస్తత్వ విభాగాన్ని కమలా చౌదరి నడిపించినారు. 1953లో లండన్ నుండి వచ్చిన ఎ.కె. రైస్ కాలికో మిల్లులలో ఆటోమేటిక్ మగ్గాల షెడ్డును పరిశీలించినాడు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న పని పంచిపెట్టినందున ఎవరు ఎవరికి జవాబుదారో తెలియని గందరగోళము ఉండేది. కొన్ని మగ్గాలను ఒక చిన్న బృందానికి అప్పగించవచ్చునన్న మాట చెవిన పడగానే, పనివారే ముందుకు వచ్చి తమ బృందాలను తామే కూర్చుకున్నారట. ఉత్పత్తి పెరిగి పాడైన గుడ్డ తగ్గినది.

కలంగల్ నుండి వచ్చిన నాయుడు

సింగానల్లూరుకు తూర్పున సూలూరు దగ్గర కలంగల్ అనే పల్లె ఉన్నది. 1893లో అక్కడి తెలుగు కుటుంబములో పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు నడుమనే విడిచినారు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు చూసి మనసు పడి, కోయంబత్తూరు హోటలులో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి దానినే కొన్నారు. కొని ఊరేగలేదు, విడదీసి తిరిగి బిగించినారు. 1920లో పొల్లాచ్చి, పళని నడుమ ఒక బస్సుతో మొదలుపెట్టి యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థను నిర్మించినారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశీయముగా ఎలక్ట్రిక్ మోటారు తయారీకి నాంది పలికినారు.

ఆయన చేతులతో నేర్చినవారు గనుక చేతుల చదువునే నమ్మినారు. 1945లో ఆయన చొరవతో వెలసిన ఆర్థర్ హోప్ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అక్కరలేదు, రెండేళ్ళు చాలునని వాదించి, ప్రభుత్వము ఒప్పుకోనందున తప్పుకున్నారు. ఉపాధ్యాయునిగా నాకు ఆ వాదన పూర్తిగా సమ్మతము కాదు. అయినను పని నేర్పుటలో పాఠము ఎంత, అభ్యాసము ఎంత అన్న ప్రశ్నను అంత సూటిగా అడిగినవారు అరుదు. ఆయన 1974లో కాలధర్మము చెందినారు.

కాకినాడ పరీక్ష

ఒక మనిషిలో సాధించవలెనన్న తపనను పెద్దయిన తరువాత శిక్షణతో పెంచవచ్చునా? అమెరికా పండితుడు డేవిడ్ మెక్లెలాండ్ ఈ ప్రశ్నకు సమాధానము వెతుక్కుంటూ వచ్చిన ఊరు కాకినాడ. 1964లో అక్కడి చిన్న వ్యాపారులను బృందాలుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించినారు. నాడు సైట్ అని పిలిచిన ఆ సంస్థే నేటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల సంస్థ. కాకినాడ నుండి మొత్తము 52 మంది శిక్షణ పొందినారు. పోల్చి చూచుటకు శిక్షణ ఇవ్వని రాజమండ్రి వ్యాపారులను కూడా గమనించినారు. తమిళనాడులోని వేలూరులో కూడా కొందరికి ఈ శిక్షణ ఇచ్చినారు.

శిక్షణ సుమారు పది రోజులు. బొమ్మ చూపి కథ చెప్పమనేవారు. ఆ కథలో వాని ఆలోచన ఎటు పోతున్నదో వానికే చూపించేవారు. ఒక ఆట కూడా ఉండేది. నేలలో నాటిన మేకు మీదికి వలయాలు విసరవలెను. ఎంత దూరము నుండి విసరవలెనో ఎవరికి వారే నిర్ణయించుకోవలెను. కొందరు దగ్గరగా నిలిచి ప్రతిసారి గెలుస్తారు, అందులో రుచి లేదు. కొందరు చాలా దూరము పోయి అదృష్టము మీద భారము వేస్తారు. తన శక్తికి కొంచెము మించిన దూరాన్ని ఎంచుకొని, తప్పినప్పుడు దూరము సవరించుకునేవాడు పనిలో ఎదుగుతాడని మెక్లెలాండ్ అభిప్రాయము. ఇది మా బడిలో అయిదవ తరగతి పిల్లలతో ఆడించదగిన ఆట. ఖర్చు లేదు, పిల్లవాని స్వభావము తెలిసిపోతుంది.

తరువాతి రెండేళ్ళలో ఏమైనది? కొత్త వ్యాపారము పెట్టుట, సరుకు పెంచుట, ఎక్కువ గంటలు పనిచేయుట వంటి చురుకుదనము శిక్షణ పొందినవారిలో సుమారు సగము మందిలో కనిపించినది. శిక్షణ లేనివారిలో అది నాలుగవ వంతే. చిన్న రేడియో దుకాణము నడిపే ఒకరు రంగులు, వార్నిష్ తయారీకి దిగినారు. 1969లో ఈ వివరాలతో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి గ్రంథము వెలువరించినారు.

ఆ గ్రంథములో అంతగా ప్రచారము కాని సంగతి ఒకటి కలదు. శిక్షణ ఫలితము ముఖ్యముగా తమ వ్యాపారములో తామే నిర్ణయము తీసుకోగలిగినవారిలో కనిపించినది. తండ్రి, అన్న, భాగస్వామి అనుమతికై ఎదురుచూడవలసినవారిలో తపన పెరిగినా పని పెరగలేదు. కష్టపడి పనిచేయి, తపన పెంచుకో అని పనివానికి ఉపన్యాసాలిచ్చేవారు ఈ సంగతిని చెప్పరు. నిర్ణయము తీసుకునే చోటు కొంచెమైనా ఇవ్వక తపన మాత్రమే కోరితే పనివానికి మిగిలేది విసుగే.

మూడేళ్ళ ఒప్పందము

కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్ ప్రాంతపు నూలు మిల్లులలో 2000 దశకములో సుమంగళి పథకమని ఒకటి విస్తరించినది. పదహారు పదిహేడేళ్ళ ఆడపిల్లలను హాస్టలులో ఉంచి, మూడేళ్ళు పనిచేయించి, గడువు ముగిసిన తరువాత పెళ్ళి ఖర్చుకు పనికివచ్చునని ఒక మొత్తము ఇచ్చేవారు. కరువు పల్లెల తల్లిదండ్రులకు అది వరమనిపించినది. నడుమ మానివేసిన పిల్లలలో ఎందరికో ఆ మొత్తము దక్కలేదు. కార్మిక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు గట్టిగా ప్రశ్నించిన తరువాత ఆ పేరు మరుగున పడినది. హాస్టలులో ఉంచి పనిచేయించు పద్ధతి మాత్రము అనేక మిల్లులలో సాగుతూనే ఉన్నది.

మనస్తత్వ దృష్టితో చూస్తే ఇందులోని కీడు స్పష్టము. కష్టానికి ఫలము మూడేళ్ళ దూరాన ఉన్నప్పుడు, రెండున్నరేళ్ళు పనిచేసిన పిల్ల జబ్బు చేసినా, సూపర్‌వైజరు నోరు జారినా సహించుకుంటుంది. మానివేస్తే అంతా పోవునని. ఆ సహనాన్ని చూసి పిల్ల శ్రద్ధగా పనిచేస్తున్నదని మిల్లువారు అనుకుంటారు. నెలనెలా చేతికి అందే జీతము వేరు. అది అందేవాడు ఉండుటకు, పోవుటకు తానే నిర్ణయించుకోగలడు. మంచి మిల్లుకు ఇందువలన నష్టము లేదు.

మరొక మార్పు కూడా వచ్చినది. కొంతకాలముగా ఈ మిల్లులలో ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుండి వచ్చిన యువతీ యువకులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. తమిళము, తెలుగు, ఒడియా, హిందీ ఒకే షెడ్డులో వినిపించును. ఇంట ఒక భాష, బయట ఒక భాష వాడుతూ పెరిగిన మన పిల్లలకు ఇది కలిసివచ్చే సంగతి. ఒడియా పిల్లను ఆమె భాషలో అన్నము తిన్నావా అని అడగగల లైను మేస్త్రీకి చెప్పిన పని మళ్ళీ చెప్పనక్కరలేదు. రెండు భాషలు రావడము తక్కువతనమని అనుకునే తల్లిదండ్రులు మన ఊళ్ళలో ఇంకను ఉన్నారు గనుక దీనిని ప్రత్యేకించి రాస్తున్నాను.

పిల్లను గాని పిల్లవానిని గాని పంపుటకు ముందు, ఏజెంటు మాట మీద కాక, స్వయముగా అడిగి తెలుసుకోవలసినవి ఇవి. జీతము నెలనెలా ఎవరి పేర బ్యాంకులో పడును? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. సంఖ్యలు ఎన్ని రోజులలో ఇస్తారు? సింగానల్లూరులోని పెద్ద ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో చికిత్సకు ఆ సంఖ్యే ఆధారము. హాస్టలు నుండి ఇంటికి ఫోను చేయుటకు, పండుగకు రావడానికి ఎవరి అనుమతి కావలెను? రాత్రి షిఫ్టు ఎన్ని రోజులకొకసారి మారును? ఆడపిల్లలయితే, పదిమంది లేక అంతకు మించి పనిచేయు ప్రతి చోట 2013 చట్టము ప్రకారము ఉండవలసిన ఫిర్యాదుల కమిటీలో ఎవరు ఉన్నారు, వారి పేర్లు గోడ మీద రాసి ఉన్నవా? వీలైతే అక్కడ ఏడాదికి పైగా పనిచేసిన మన ఊరి పిల్లను ఒకరిని కలిసి, సూపర్‌వైజరు ఆమెను ఏమని పిలుస్తాడో అడగండి.