కిరాయి పని: నాడును, నేడును



గడచిన శ్రావణమాసమున మా కుమార్తె కుమారుడు హైదరాబాదు నుండి మా సిర్గాపూరునకు వచ్చెను. కుడిచేయి మెడకు వ్రేలాడగట్టిన గుడ్డలో నుండెను. అతడు పట్టణమున హోటళ్ల నుండి భోజనపు పొట్లములను ఇండ్లకు చేరవేయు పని చేయుచుండెను. వానలో మోటారుసైకిలు జారి భుజముకడ ఎముక విరిగెనట. “మీ మాలికునకు కబురు పంపితివా?” అని నేనడిగితిని. పిల్లవాడు నవ్వి, “మాలికెవరో నేనే జూడలే తాతా. ఫోనే మాలిక్” అనెను. మూడేండ్లుగా కొలువు చేసినవాడు యజమాని ముఖమునే ఎరుగడట!

ముప్పది మూడేండ్లు బడిలో చరిత్రయు తెలుగును చెప్పినవాడను, బాల్యమున సంస్కృత పాఠశాలలో ధర్మశాస్త్రము చదివినవాడను. ఆ మాట విన్నది మొదలు పాత గ్రంథములను మరల తీసి చూచితిని. ఈ కిరాయి పని క్రొత్తదా? క్రొత్తదైనచో ఎంత క్రొత్తది? పదిహేను నిమిషముల వ్యవధిలో నాకు తోచినది మనవి చేసెదను.

మొదట మన పొరుగుననే యున్న కల్యాణమునకు పోదము. నేడు బసవకల్యాణమని పిలువబడు ఆ పట్టణము మాకు పడమట నున్నది. 1956 వరకు మా నారాయణఖేడు తాలూకాయు, అదియు ఒక్క బీదరు జిల్లాలోనివే. చాళుక్య విక్రమాదిత్యుడు, ఆ పేరు గలవారిలో ఆరవవాడు, 1076 మొదలు 1126 వరకు అచ్చట రాజ్యమేలెను. ఆ కాలముననే విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. వారసత్వపు తగవులలో న్యాయస్థానములు చిరకాలము ప్రమాణముగా గైకొన్న గ్రంథమది. దాయభాగము కొరకే దానిని తెరచువారు పెక్కండ్రు; వేతనములను గూర్చిన ప్రకరణము కొకటి అందున్నదని తలచువారు తక్కువ.

ఆ ప్రకరణమున భారవాహకునికి, అనగా ఒకరి సరకును మోసి వేరొకచోట చేర్చువానికి, ప్రత్యేకముగా నియమములు చెప్పబడినవి. మోయువాని చేతిలో సరకు చెడినచో అతడే ఇచ్చుకొనవలెను. అయితే రాజువలనగాని దైవమువలనగాని కలిగిన నష్టము అతనిది కాదు. ప్రయాణము నిశ్చయమైన పిమ్మట పని మానినవాడు కూలిలో ఏడవ పాలు, కొంత నడచి మానినవాడు నాలుగవ పాలు, సగము దారిలో మానినవాడు మొత్తము కూలి చెల్లింపవలెను. ఇంతవరకు పనివానిని కట్టివేయు మాటలే. పిమ్మట నొక్క చిన్నమాట చేర్చబడినది: నడిదారిలో పని మాన్పించువాడును అట్లే. అనగా యజమాని తన మనస్సు మారి కూలివానిని దారిలో నిలిపివేసినచో, అదే లెక్కను తానును చెల్లింపవలెను.

మా మనుమడు చెప్పిన సంగతి యొకటి ఈ నియమము చదివినప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఒకనాటి రాత్రి కూకటుపల్లిలో అతడు నాలుగు కిలోమీటర్లు పోయి, హోటలు ముందర నిలిచి యుండగా, తెప్పించుకొనువారు వలదని ఫోనుమీద నొక్కిరట. పెట్రోలు ఇతనిది, కాలము ఇతనిది. చేతికి వచ్చినది సున్న. తొమ్మిదివందల యేండ్ల క్రిందట కల్యాణమున కూర్చుండి ధర్మనిర్ణయము చేసిన పండితుని యెదుట ఈ తగవు పెట్టినచో, ఆయన దీనిని తీర్చుటకు గడియయైన పట్టెడిది కాదు.

ఇట్లనుటచేత పాతకాలమంతయు బంగారమని నేను చెప్పుచున్నట్లు తలపకుడు. శాస్త్రమున నున్నది యెల్ల నాడు ఆచరణమున నుండెనని చెప్పలేము. ఆ గ్రంథములలోనే దాసులును గలరు, జాతినిబట్టి దండనలును గలవు. కూలి నిర్ణయింపక పని చేయించుకొన్నచో వర్తకమున, పశువులలో, పైరులో వచ్చినదానిలో పదియవ వంతు ఇప్పించవలెనని ఆ స్మృతియే చెప్పుచున్నది. ఆ మాట కొంచె మెచ్చుమాటముగా కౌటిల్యుని అర్థశాస్త్రమునను కలదు. కాని మన పల్లెలలో వెట్టి చేసినవారికి ఆ పదియవ వంతు ఎవరిచ్చిరి?

ఊరి పనుల సంగతి పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగు ఆయగాండ్రకు కళ్లమున గింజల పాలు ముట్టెడిది. మా సీమ మరాఠీవారికి దగ్గర గనుక బలుతేదారులను మాటయు ఇచ్చట వాడుకలో నుండెను. నాగలి విరిగిననాడు కమ్మరికి రొక్క మియ్యరు. విరుగని యేడును అతని పాలు అతనికి కలదు. అందువలన పనిలేని దినపు బరువు ఊరంతయు మోసెడిది. ఇది దాని మేలు. ఆ పని విడిచి మరియొక పనికి పోవుటకు అతనికి స్వేచ్ఛ లేకుండుట దాని కీడు. ఇక దొరలకును, అధికారులకును కూలి లేక చేసిన వెట్టి వేరు. అప్పునకు బదులుగా దేహమునే తాకట్టు పెట్టిన భగేలా వేరు. భగేలా ఒప్పందములను అదుపులో పెట్టుటకు నిజాము ప్రభుత్వము 1936లో నొక నిబంధనము చేసినది గాని, కాగితము కదలినంత త్వరగా పల్లె కదలలేదు. ఆంధ్రోద్యమము వెట్టికి ప్రతికూలముగా గొంతెత్తినది. ఆ ఉద్యమము వారి మొదటి ఆంధ్రమహాసభ 1930లో మన జోగిపేటలోనే, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగినది.

కావున నేటి పిల్లవాడు “నా ఇచ్చవచ్చినప్పుడు పోయెదను, ఇచ్చలేనప్పుడు మానెదను” అన్నప్పుడు, ఆ మాటలోని తీపి ఎక్కడినుండి వచ్చినదో పెద్దలము గ్రహింపవలెను. అతని ముత్తాతకు ఆ మాట యనుట కధికారము లేకుండెను.

అయినను నేటి పనికి సరియైన పోలిక కళ్లమునను దొరకదు, వెట్టిలోను దొరకదు. అది గుఱ్ఱపుసాలలో దొరకుచున్నది. శివాజీ సైన్యమున రెండు తెగల రౌతులుండిరి. ప్రభుత్వపు గుఱ్ఱము నెక్కువాడు బార్గీరు. తన గుఱ్ఱమును, తన ఆయుధమును తానే తెచ్చుకొనువాడు సిలేదారు. సిలేదారునకు జీతము హెచ్చు. అతడు తన గుఱ్ఱమునకు తానే దొర. కాని గుఱ్ఱము కూలిననాడు అతని బ్రతుకును కూలెడిది. అందుచేత సిలేదారులు గుఱ్ఱమును కాపాడుకొనుటకై పోరున వెనుకంజ వేసెడివారని చరిత్రకారులు వ్రాసియున్నారు. (మోటారుసైకిలు రౌతు లట్లు గాదు, వానలోను, చీకటిలోను ముందునకే పరుగెత్తుచున్నారు. పొట్లమునకు ఇంతయని లెక్క గనుక.)

ఈ పద్ధతి మన హైదరాబాదు రాజ్యమునను చిరకాలము నడచినది. 1853 నాటి ఒడంబడిక ప్రకారము బేరారు సీమ ఆదాయము ఏ సైన్యపు ఖర్చునకై అప్పగింపబడెనో, ఆ హైదరాబాదు కంటింజెంటులోని అశ్వదళములు సిలేదారీ దళములే. 1903లో అవి ఇంగ్లీషువారి భారత సైన్యమున చేరి, వానిలో కొన్ని డెక్కన్ హార్స్ అను పేర వ్యవహరింపబడెను. రౌతు చేరునప్పుడు కొంత సొమ్ము జమ కట్టి గుఱ్ఱమును, సరంజామాను పొందెడివాడు. అయితే ఆ దళములలో నొక తెలివిగల ఏర్పాటు పెరిగినది. ప్రతి రౌతు నెలనెలకు కొంత చందా ఇచ్చెడివాడు. ఎవని గుఱ్ఱము చచ్చినను ఆ చందా నిధినుండి వేరొక గుఱ్ఱమును కొని యిచ్చెడివారు. దాని పేరు వారిలో చందాయే. ఇంగ్లీషు దొరలును ఆ మాటనే తమ పుస్తకములలో వ్రాసికొనిరి. ఒక్కని గుఱ్ఱపుచావును వేయిమంది పంచుకొనుట యనగా నదియే. మొదటి ప్రపంచయుద్ధమున దూరదేశములలో గుఱ్ఱములు వందలకొలది కూలగా ఈ ఏర్పాటు నిలువజాలకపోయెను. యుద్ధానంతరము సిలేదారీ పద్ధతిని ఎత్తివేసి, గుఱ్ఱమును ప్రభుత్వమే ఇచ్చుట మొదలిడిరి.

మా మనుమనికి గుఱ్ఱము తనదే, అనగా బండి తనదే, వాయిదాలు తనవే. చందా మాత్రము లేదు.

ఇంగ్లీషున ఇట్టి స్వతంత్రపు పనివానిని ఫ్రీలాన్సరందురు. ఈ మాటకును ఆయుధమే మూలము. లాన్సనగా బల్లెము. 1819 తుదిని వెలువడిన వాల్టరు స్కాటు నవల ఐవాన్హోలో, కూలికి యుద్ధము చేయు బంట్లను గూర్చి ఈ మాట వాడబడినది. ఏ దొరకును కట్టుబడని బల్లెమని అర్థము. గిగ్ అనుమాట అమెరికాలో వాద్యగాండ్రది. ఒక రాత్రి కచేరీకి కుదిరిన పనిని వారట్లు పిలిచిరి. నేడు ఇంట కూర్చుండి పరదేశపు కంపెనీకి కంప్యూటరు పని చేసి యిచ్చువాడును ఆ పేరుననే యున్నాడు, భోజనము మోయువాడును ఆ పేరుననే యున్నాడు. మొదటివాడు తన వెల తాను చెప్పగలడు. రెండవవానికి వెలను ఫోను చెప్పును. నా మాట రెండవవానిని గూర్చియే.

మా ప్రాంతమునకు దూరదేశపు కిరాయి క్రొత్తగాదు. మా చుట్టుప్రక్కల తండాలవారు చెరకు కొట్టుటకై కర్ణాటకమునకును, మహారాష్ట్రమునకును ఏటేట పోవుట మీరెఱుగుదురు. మరాఠీ సీమలో భార్యాభర్తలను కలిపి ఒక కోయతగా, అనగా ఒక కత్తిగా, లెక్కింతురు. నడుమ ముకద్దము ఉండును. ముందుగా సొమ్మిచ్చి, పిమ్మట కొట్టిన చెరకుతో ఆ సొమ్ము చెల్లుబెట్టుకొనును. ముకద్దముతో తగవు పెట్టుకొనవచ్చును, అతని ఇంటిముందర కూర్చుండవచ్చును, పెద్దలలో పెట్టవచ్చును. ఫోనుతో నెట్లు తగవులాడుట? మా వాడు చేయి విరిగి మూడు వారములు పనిలోనికి పోకపోగా, అతని ఐడీ మూసివేయబడెను. కారణ మడుగుటకు మనుష్యుడెవడును దొరకలేదు. నొక్కిన ప్రతి మీటకును వచ్చినది ఒక్కటే అచ్చుపలుకు. వెనుకటి కిరాయినుండి నేటి కిరాయిని వేరుచేయునది ఇదియేనని నాకు తోచుచున్నది. కూలి తక్కువయగుట క్రొత్తగాదు, నష్టము కూలివాని మీద పడుట క్రొత్తగాదు. మాటాడుటకు ఎదుటివాడు లేకపోవుట క్రొత్త.

ఇట్టివారు ఎందరు? 2022లో నీతి ఆయోగువారు ప్రకటించిన నివేదిక ప్రకారము 2020-21లో దేశమున సుమారు 77 లక్షలమంది; 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరని అంచనా. ఇంతమంది యున్నపుడు ప్రభుత్వములు ఊరకుండజాలవు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో వీరి పేరు మొదటిసారి మన దేశపు చట్టమున కెక్కినది. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. కంపెనీలు తమ ఏటి వ్యాపారపు మొత్తములో నూటికి 1 మొదలు 2 వరకు వీరి నిధికి చెల్లింపవలెను. అయితే వీరికిచ్చు సొమ్ములో నూటికి 5 మించరాదు. సిలేదారుల చందా వంటిదే యిది. ఒక్క భేదము కలదు, మంచి భేదము: నాడు రౌతు కట్టెడివాడు, నేడు దొర కట్టవలెను.

రాష్ట్రములలో రాజస్థానము 2023లో మొదటి చట్టము చేసినది. మన పొరుగున నున్న కర్ణాటకము 2025లో చేసిన చట్టమున, కారణము వ్రాతమూలముగా తెలిపి 14 దినములు ముందుగా చెప్పనిదే పనివానిని తొలగింపరాదను నియమము కలదు. ఆ నియమము బీదరులోని పిల్లవానికి గలిగినది. నలువది మైళ్ల లోపలనున్న మా వానికి ఆనాడు లేకుండెను. మన తెలంగాణమునను 2023 డిసెంబరులో ఇట్టివారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటింపబడినది. 2025 ఏప్రిలులో ఒక ముసాయిదా బిల్లును ప్రచురించి ప్రజల అభిప్రాయములు కోరిరి. ఇంగ్లండున సర్వోన్నత న్యాయస్థానము 2021 ఫిబ్రవరిలో, ఫోనుమీద పిలిచెడి కార్లను నడపువారు స్వతంత్రులు గారు, పనివారేయని తీర్పు చెప్పినది. వెలను కంపెనీయే నిర్ణయించుచు, పనినుండి తొలగించు అధికారము కంపెనీకే యుండగా, ఇతడు స్వతంత్రుడెట్లగునని ఆ తీర్పులోని తర్కము. మితాక్షరకారుడు విన్నచో తల యూచెడివాడే.

మీ ఇండ్లలోని పిల్లలును ఇట్టి పనిలో నున్నచో, వారి పేర్లు ఇ-శ్రమ్ అను కేంద్రప్రభుత్వపు పట్టికలో ఎక్కినవో లేవో కనుగొనుడు. 2021 ఆగస్టులో మొదలైనది అది. ఆధారు కార్డును, ఫోను నంబరును కావలెను. మీసేవ వంటి చోట్లను చేయుదురు. మా వాని పేరు లేకుండెను. చేయి కట్టుతోనే నారాయణఖేడు పోయి వ్రాయించుకొని వచ్చితిమి.

దసరా వెళ్లిన పిమ్మట అతడు మరల పట్టణమునకు పోయెను. వేరొక కంపెనీ ఫోనులో చేరెనట. బయలుదేరునాడు బస్సుకడ, “ఈ మాలికునైనను చూచితివా?” అని యడిగితిని. “లే తాతా. గాని ఈసారి చెయ్యిరిగితే ఎవ్వర్నడగాల్నో కాగితం మీద రాసుకున్న” అని జేబు తట్టి చూపెను.