పరిశోధన పత్రికలో వచ్చిందంటే నమ్మవచ్చా? పెరటి కోళ్ల రైతులకు సూచనలు

మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో సేద్యంతో పాటు పది, ఇరవై కోళ్లు పెంచుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. గుడ్లు పెంచే పొడి, బరువు పెంచే టానిక్ అమ్మేవారు కొందరు "ఇది పరిశోధనలో తేలింది, పత్రికలో కూడా వచ్చింది" అంటూ కాగితం చూపిస్తుంటారు. ఆ కాగితం విలువ తెలియాలంటే అలాంటి పత్రిక ఎలా నడుస్తుందో కొంత తెలిసి ఉండాలి.

పత్రిక ఎలా నడుస్తుంది?

మన దేశంలో కోళ్ల పరిశోధన కోసం ఇండియన్ జర్నల్ ఆఫ్ పౌల్ట్రీ సైన్స్ వెలువడుతోంది. అమెరికాలో పౌల్ట్రీ సైన్స్ పత్రిక 1921 నుంచి వస్తోంది. వనరాజా, గ్రామప్రియ కోళ్లను ఇచ్చిన హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తమ ఫలితాలను ఇలాంటి పత్రికలకే పంపుతారు.

పంపిన వ్యాసం వెంటనే అచ్చు కాదు. సంపాదకుడు చదివి, అదే విషయంలో పనిచేసే మరో ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలకు పంపుతారు. సాధారణంగా వీరికి డబ్బు ఇవ్వరు. ఎన్ని కోళ్ల మీద చూశారు, మందు వేయని కోళ్లను పక్కన పెట్టి పోల్చారా, చనిపోయినవాటిని లెక్కలో చూపారా అని వారు అడుగుతారు. సవరణలకు నెలలు పడుతుంది. చాలా వ్యాసాలు తిరిగి వెళ్లిపోతాయి. అచ్చయ్యాక పెద్ద తప్పు బయటపడితే ఉపసంహరించుకున్నట్లు ప్రకటిస్తారు.

ఈ వడపోత ఏమీ లేకుండా, డబ్బు కడితే వేసే పత్రికలు కూడా ఉన్నాయి. కాగితం మీద ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉందని మోసపోవద్దు. అది బండి నంబరు లాంటిది. బండి ఏదో చెబుతుంది గానీ ఇంజను మంచిదని చెప్పదు.

బుడ్డల చెక్క కథ

సరైన పరిశోధన మన దొడ్డిదాకా ఎలా వస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం తెలియక మొదట దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర ఆధారం దొరికింది. ఆ చెక్కకు పట్టిన బూజులో విషం ఉందని మరుసటి ఏడాది పరిశోధన పత్రికల్లో వచ్చింది. ఆ విషాన్నే ఇప్పుడు అఫ్లాటాక్సిన్ అంటున్నాం.

మన ప్రాంతంలో బుడ్డలు పండిస్తాం కాబట్టి ఈ విషయం మనకు దగ్గరిది. విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్లు తగ్గుతాయి, టీకా కూడా సరిగా పనిచేయదు. ఉడకబెట్టినా ఈ విషం పోదు. తడిసిన, బూజు పట్టిన బుడ్డలు, చెక్క, జొన్నలు కోళ్లకు వేయరాదు. చెక్క బస్తాలను నేలకు ఆనకుండా చెక్క పలకల మీద, తేమ తగలని చోట ఉంచాలి.

కొనే ముందు అడగాల్సినవి

పరిశోధన ఏ కోళ్ల మీద జరిగిందో ముందు అడగండి. చల్లని షెడ్డులో బ్రాయిలర్లపై వచ్చిన ఫలితం, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో తిరిగే మన నాటుకోడికి వర్తిస్తుందని చెప్పలేం. ఖర్చు ఎవరు పెట్టారు అన్నదీ ముఖ్యమే. అమ్మే కంపెనీయే పెట్టిందంటే అబద్ధమని కాదు, మరొకచోట కూడా అదే ఫలితం వచ్చిందా అని చూడాలి. సందేహం ఉంటే కాగితాన్ని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, పశువైద్యుడికి గానీ చూపించండి.

మీరే చూసుకోవాలంటే ఒకే వయసు పెట్టలను రెండు గుంపులు చేసి, కాళ్లకు వేర్వేరు రంగుల దారం కట్టండి. ఒక గుంపుకే పొడి కలిపిన దాణా విడిగా వేసి, రెండు గుంపుల గుడ్లను రోజూ రాసుకోండి. నెల తర్వాత పెరిగిన గుడ్ల ధర పొడి ఖర్చును మించిందా లేదా లెక్క వేయండి. పది కోళ్లలో రెండు చనిపోయినంత మాత్రాన మందు చెడ్డదని తేల్చవద్దు. అంత చిన్న గుంపులో అది యాదృచ్ఛికం కూడా కావచ్చు.

కొక్కెర తెగులు టీకా విషయంలో మాత్రం ఇలా పోల్చి చూడవద్దు. ఆ టీకా పనిచేస్తుందని ఎప్పుడో తేలింది, వేయని కోళ్లకు తెగులు సోకితే గుంపంతా పోతుంది. పశువైద్యుడు చెప్పిన వయసుకు అన్ని కోళ్లకూ వేయించండి.